ఆయన ఫైలులో చివరి అంకె

9 అక్టోబరు, గురువారం సాయంత్రం

కుట్టుపని అక్కయ్య గారికి నమస్కరించి రాస్తున్నాను. మీ మోకాళ్ళు, మీ మిషను రెండూ సవ్యంగా నడుస్తున్నాయని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఆయన క్షేమసమాచారాలు నాకంటే మీకే ముందు తెలుస్తాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను.

రెండు వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరం ఏమిటని నవ్వుకుంటారేమో. ఎదురుగా ఉంటే మీరు నా మాట పూర్తి కానివ్వరు. అమ్మాయీ, ముందు కాస్త కూర్చో అంటారు. నా ఇంట్లో నన్నే కూర్చోమంటారు. అందుకే రాస్తున్నాను.

మీరు అడిగిన సంగతి కనుక్కున్నాను. ఆయన్ని మళ్ళీ బస్సు నడపనివ్వడానికి డిపో వాళ్ళు పోయిన నెల మా ఆసుపత్రి నుంచి కాగితం అడిగారు కదా. నొప్పి మాత్రల అలవాటు ఇంకా ఉన్నట్టే అందులో వెళ్ళింది. పద్నాలుగు నెలలుగా మాత్ర ముట్టని మనిషిని స్టీరింగు దగ్గరికి రానివ్వకుండా షెడ్డులో బస్సులు కడగమన్నారు. ఈ నెల ఇరవైలోగా సరైన కాగితం అందకపోతే ఆయన రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఎవరు చేశారమ్మా ఈ పని, నువ్వు అక్కడే పనిచేస్తావు కదా, కాస్త కనుక్కో అని మీరు నన్ను మూడుసార్లు అడిగారు.

మా పని ఇలా ఉంటుంది అక్కయ్య గారూ. డాక్టర్లు రాసింది చదివి ప్రతి జబ్బుకీ ఒక నంబరు వేస్తాం. దాన్నే కోడింగ్ అంటారు. ఆయన జబ్బు నంబరుకి చివర సున్నా ఉంటే అలవాటు ఇంకా ఉన్నట్టు. ఒకటి ఉంటే ఉపశమనంలో ఉన్నట్టు, అంటే మనిషి దాన్నుంచి బయటపడి నిలదొక్కుకున్నట్టు. ఆ ఒకటి వేయాలంటే ఉపశమనం అనే మాట డాక్టరే రాయాలి. ఎన్ని నెలలు గడిచినా, పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా మా అంతట మేము ఊహించి వేయకూడదు. ఆయన డాక్టరు నెలలు రాశారు, పరీక్షలు రాశారు, ఆ ఒక్క మాట రాయలేదు. అందుకని సున్నా పడింది. మీరు ఇక ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడి కనపడిన వాళ్ళనల్లా నిలదీయనక్కర్లేదు.

ఇక నా సొంత మాట. ప్రతి ఆదివారం మీరు మా ఇంటికి రావడం కొన్నాళ్ళు మానుకోండి.

కోపం వస్తే రానివ్వండి. నాకైతే ఏడాది పైగా వస్తూనే ఉంది. వెన్ను ఆపరేషను అయిన రోజు నుంచి ఆయన్ని లేపింది, నడిపించింది నేను. మాత్రలు శ్రుతి మించుతున్నాయని మొదట పట్టుకున్నదీ నేనే. బూట్లలో, గీజరు వెనకాల, పాత రేడియోలో ఎక్కడ దాచినా వెతికి తీశాను. మూడేళ్ళు నా కళ్ళలోకి చూస్తూ అబద్ధాలు చెప్పారు. మాత్రలు మానాలనుకునే వాళ్ళ కోసం మీరు నడిపే మీటింగుకి వచ్చిన మొదటి వారమే మీకు అంతా చెప్పేశారు. రోజుకి ఎన్ని మింగేవారో చెప్పారు, మందుల షాపులో నా సంతకం పెట్టి తెచ్చుకున్న సంగతీ చెప్పారు. నా సంతకం గురించి నేను మీ నోటి వెంట వినాల్సి వచ్చింది. ఆ రోజు నా కడుపు ఎంత మండిందో మీకేం తెలుసు? మీరూ అవే మాత్రల్లోంచి తొమ్మిదేళ్ళ కిందట బయటపడ్డారు, ఆయన బాధ మీకు తెలుసు, ఒప్పుకుంటాను. నాకు తెలియకపోవడం నా నేరమా? మాత్రలు మింగకపోవడమే కదా నేను చేసిన తప్పు!

ఏడాది నిండిన రోజున ఆయన లేచి అందరి ముందూ మీకు కృతజ్ఞతలు చెప్పారు. నేను వెనక వరుసలో కుర్చీ నింపడానికి పనికొచ్చాను. ఇంటికొచ్చాక, నేను బాగుపడ్డానని నువ్వూ ఒక్కసారి అనవచ్చు కదా అన్నారు. డాక్టరు రాయనిదే ఎలా అంటాను అన్నాను. వేళాకోళం అనుకుని ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

మీ ఫోను వస్తే ఆయన మొహం విప్పారుతుంది. నేను పిలిస్తే ఏం తప్పు చేశానా అన్నట్టు లేస్తారు. మీరు కుట్టిచ్చిన చొక్కాకి చేతులు పొడుగయ్యాయని పదిసార్లు చెప్పాను. మడత పెట్టుకుని మరీ తొడుక్కుంటారు. మీరంటే నాకు కుళ్ళు అక్కయ్య గారూ. ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

డాక్టరు గారిని కలిసి ఆ మాట రాయించుకోమని ఆయనకి నేనే చెబుతాను. మీరు శ్రమపడకండి. మోకాళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
మీరు తమ్ముడూ అని పిలిచే ఆయన భార్య

తా.క. ఇది శుక్రవారం రాస్తున్నాను. నిన్న కవరు అంటించలేకపోయాను. పైన రాసింది సగమే నిజం. డాక్టరు ఆ మాట రాయకపోతే మేము సున్నా వేసి ఊరుకోకూడదు. ఉపశమనమా కాదా తేల్చి చెప్పమని డాక్టరుకి క్వెరీ పెట్టాలి. రెండు వాక్యాల పని. అది పెట్టకుండా సున్నా వేసింది నేనే.

ఇంట్లో వాళ్ళ ఫైలు వస్తే తెరవకుండా పక్క బల్లకి ఇచ్చేయాలని రూలు. ఇవ్వలేదు, తెరిచాను. క్వెరీ రాయడం కూడా మొదలుపెట్టాను. అంతలో ఆయన నింపిన ఫారం కంటబడింది. కోలుకోవడానికి తోడుగా ఉన్నవారు అనే చోట ఆయన చేతిరాతలో మీ పేరు ఉంది. ఇంకొక పేరు పట్టే చోటు కూడా ఉంది, ఖాళీగా. రాసిన క్వెరీ చెరిపేసి, సున్నా వేసి పంపేశాను. బాగుపడిన మనిషి మీ మనిషి, జబ్బు మనిషైతే నా దగ్గరే ఉంటాడు అనిపించింది. ఏ గుమస్తానో పొరపాటు పడి ఉంటాడులే, పాపం అని ఆయన మూడు వారాలుగా నాకే సర్దిచెబుతున్నారు.

ఇవాళ పొద్దున డ్రైవరు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, కాసేపు చూసి, మళ్ళీ కొక్కేనికి తగిలించి షెడ్డుకి వెళ్ళారు. అది చూశాక నేను ఉండలేకపోయాను. మా సూపర్‌వైజరుకి అంతా చెప్పేశాను. ఫైలు పక్క బల్లకి మారింది, క్వెరీ వెళ్ళింది, మధ్యాహ్నానికి డాక్టరు ఉపశమనం అని రాసి పంపారు. కొత్త కాగితం సోమవారం డిపోకి వెళ్తుంది. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా ఆ రోజే తేలుస్తారట.

ఆయనకి ఇంకా చెప్పలేదు. నోరు తెరుస్తాను, ఇంకేదో మాట వస్తుంది. ఆయన మీకే ముందు ఎందుకు చెప్పారో ఇప్పుడు తెలుస్తోంది, దానికి కూడా నాకు కుళ్ళుగానే ఉంది. ఆదివారం తప్పకుండా రండి. ఆయనకి చెప్పేటప్పుడు మీరు ఉండాలి. ఈసారి నా పక్కన కూర్చోండి.