అన్న కోసే గడ్డి

మంగళవారం, కరీంనగర్

గోల్ఫ్ ఆడేవాళ్లకు కసరత్తు నేర్పే సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో చదువుతున్నాను గానీ, ఇంతవరకూ గోల్ఫ్ మైదానమే చూడలేదు. నేను ట్రైనర్‌గా పనిచేసే జిమ్‌లో మాప్ కట్టెనే గోల్ఫ్ స్టిక్ అనుకుని తిప్పుతున్నాను. ఇప్పుడేమో నిజంగా ఆడే మనిషిని వీడియో తీసి, అతని నడుము ఎలా తిరుగుతోందో రాసి పంపాలట. ఈ ఊళ్లో ఎవడున్నాడు?

అందుకే సాయంత్రం దుబాయ్‌లో ఉన్న అన్నకు ఫోన్ చేశాను. ఏళ్లుగా అక్కడి గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోస్తున్నాడు. ఒక్క వీడియో తీసి పంపమన్నాను.

"ఫోన్ బయటికి తీస్తె నౌకరి పోతది రా. ఆళ్లు బంతి కొట్టేటప్పుడు మేం మిషిన్ బంద్ జేసి కదలకుంట నిలవడాలె" అన్నాడు. పొద్దంతా మిషిన్ నడిపి నడుము పట్టేసిందని కూడా చెప్పాడు. నా కోర్సులో నడుము నొప్పి మీద చాలా పాఠాలున్నాయి. అన్నీ బంతి కొట్టేవాళ్లకే.

"సర్టిఫికెట్ అచ్చినంక మా క్లబ్బులనే నౌకరి దొరుకుతదా నీకు?" అని అడిగాడు. దొరకొచ్చన్నాను. ఆ ఆశతోనే కదా ఈ తిప్పలన్నీ.

అన్న గొంతు తగ్గించాడు.

"ఈడికి అచ్చినంక నేను ఎదురువడితె అన్నా అని పిల్వకు రా. నీ ఇజ్జత్ పోతది."

గట్లెందుకంటవ్ అన్నా అని వెంటనే అనాల్సింది. "హలో, హలో, ఇనవడ్తలేదు" అని ఫోన్ పెట్టేశాను.

ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.