వెనక మధ్య సీటు

మార్చి 3, సోమవారం

ఎక్స్‌రే గదిలో ఇన్నేళ్లుగా అందరినీ ఊపిరి బిగపట్టమంటున్నాను. ఈరోజు షోరూంలో ధర విని నేనే బిగపట్టాను. లగ్జరీ కంపెనీయే, కానీ అందులో అన్నిటికంటే చవక రకం. సేల్స్‌మన్ దాన్ని ఎంట్రీ లెవల్ అన్నాడు. నా మటుకు నాకు అదే ఆఖరి లెవల్. అందులోనూ మూడు మోడళ్లు: సెడాన్, హ్యాచ్‌బ్యాక్, చిన్న ఎస్‌యూవీ.

స్టీరింగ్ దగ్గర కూర్చోమని తలుపు తీశాడు. నేను వెళ్లి వెనక మధ్యలో కూర్చున్నాను. డ్రైవర్‌ని పెట్టుకుంటారా మేడమ్ అని అడిగాడు. లేదు, నేనే నడుపుతానన్నాను. పాపం, తీసిన తలుపు తనే మూసేశాడు.

మార్చి 5, బుధవారం

అక్క సెడాన్ కొనమంది, హుందాగా ఉంటుందట. చెల్లి ఎస్‌యూవీ అంది, ఎక్కీ దిగీ నడుం పట్టెయ్యదట. అక్కయితే సెడానే అని ఉంటుందిలే అని నవ్వింది కూడా. ఆ నవ్వును అక్క దాకా మొయ్యలేదు.

అమ్మను ఏ ఆసుపత్రిలో చేర్చాలన్న దగ్గర మొదలైంది గొడవ. అమ్మ పోయి మూడేళ్లయినా ఇద్దరూ ఎడమొహం పెడమొహమే. నేను అడకత్తెరలో పోకచెక్కని. ఈ కారు వంకతో ఒక్కసారైనా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాలి. అంతకు మించి నాకు దీనితో పనేం లేదు. డ్యూటీకి నడిచే వెళతాను.

మార్చి 8, శనివారం

మూడింట్లోనూ వెనక మధ్యలో కూర్చుని చూశాను. హ్యాచ్‌బ్యాక్‌లో తల కొట్టుకుంది. ఎస్‌యూవీలో సీటు చెక్కబల్లలా ఉంది. సెడాన్‌లో కాళ్ల దగ్గర నేల మధ్యలో ఎత్తుగా దిమ్మ. సేల్స్‌మన్ దానికి సారీ కూడా చెప్పాడు. నేను చెప్పులు విప్పి రెండు పాదాలూ దాని మీద పెట్టుకున్నాను. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

నాన్న పాత కారులో అచ్చం ఇలాగే. అక్కకో కిటికీ, చెల్లికో కిటికీ. నడిపిదాన్ని గనక నాకు దిమ్మ. కిటికీ కోసం ఎంత ఏడ్చానో! కానీ వాళ్లకు పక్కనున్న చెట్లే కనిపించేవి, నాకు రోడ్డంతా కనిపించేది. గేరు మీద నాన్న చెయ్యి, ఒక్కోసారి దాని మీద అమ్మ చెయ్యి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దిమ్మ నా రాజ్యం. వాళ్లిద్దరూ చెరోవైపు నుంచి దొంగతనంగా కాలు జరిపేవాళ్లు. నేను గిల్లేదాన్ని.

ఏడుపొచ్చింది. సేల్స్‌మన్ ఏసీ పెంచాడు.

మార్చి 9, ఆదివారం

సెడాన్. అక్క మాట నెగ్గింది కాబట్టి రంగు మాత్రం చెల్లి చెప్పిన నీలం.

మార్చి 21, శుక్రవారం, సాయంత్రం ఆరు

రేపు డెలివరీ. ఇద్దరినీ రమ్మన్నాను. ఒకరు వస్తున్నట్టు ఒకరికి చెప్పలేదు. చెబితే ఇద్దరూ రారు.

ఇప్పుడే తట్టింది. నడిపేది నేనైతే మధ్యలో కూర్చునేదెవరు? ఏరికోరి కొన్న సీటు నాకే దక్కదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మార్చి 22, శనివారం

అక్క ముందొచ్చింది. చెల్లిని చూడగానే వంగి టైర్లు పరీక్షించడం మొదలుపెట్టింది, వాటి గురించి తనకేదో తెలిసినట్టు. చెల్లి వెళ్లిపోతున్న టాక్సీని వెనక్కి పిలవబోయింది. నేను గబగబా వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

ముందు తలుపు తీసి నిలబడ్డాను. ఇద్దరూ అటు రాలేదు. అది అమ్మ సీటు. అక్క ఈ కిటికీ, చెల్లి ఆ కిటికీ. చిన్నప్పటి వైపులే.

ఊరు దాటి చాలా దూరం వెళ్లాం. అద్దం దించమని అక్క నాతో అంది. ఎక్కించమని చెల్లీ నాతోనే అంది. వాళ్లలో వాళ్లు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. వెనక చూసుకునే అద్దంలో దారి పొడుగునా ఖాళీ సీటే కనిపించింది. ఇద్దరినీ ఇళ్ల దగ్గర దింపి వచ్చాను. దీనికోసమా ఇంత పోసి కొన్నాను అనిపించింది. చాలా బెంగగా ఉంది.

మార్చి 23, ఆదివారం

కారు తుడిచాను. వెనక దిమ్మ మీద మట్టి. అటు నుంచి ఒక చెప్పు అచ్చు, ఇటు నుంచి ఒకటి. వేళ్ల దగ్గర ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముందు ఎవరు జరిపారో తెలియలేదు.

అక్కడ తుడవలేదు.