కల్లంలో కాయ తడిస్తే తడవనివ్వండి

పల్నాడు జిల్లా దాచేపల్లి మండలంలో కాపురముంటూ మిరప, పత్తి సేద్యం చేసుకునే మద్దినేని పేరయ్య అనే నేను, డెబ్బై మూడో ఏట, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. నాకు కాలేయం చెడింది గాని బుద్ధి చెడలేదు. ఆ మేరకు డాక్టరుగారి కాగితం జతచేశాను, ఎందుకంటే మా తమ్ముడు బాపయ్య నా బుద్ధిని ఏనాడూ నమ్మలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇందులో బతిమాలుకునేది నేనే. ఉగాది దాకా ఉంటానా అని అడిగితే డాక్టరుగారు కాగితాలు సర్దుకున్నారు. అందుకని ఇప్పుడే రాయిస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఒంగోలులో టీచరుగా పనిచేస్తున్న నా కుమార్తె శ్రీరమ్యది. మా యాభయ్యో పెళ్ళిరోజుకి యూరప్ యాత్ర అనుకున్నప్పుడు ఫారాలన్నీ నింపింది అమ్మాయే. ఎక్కడ ఏ కాగితం ఉందో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

2. నా స్వార్జితమైన ఐదెకరాల చేను, ట్రాక్టరు నా తదనంతరం నా కుమారుడు వీరబాబుకు సర్వహక్కులతో చెందాలి. ఇల్లు నా భార్య హనుమాయమ్మకు చెందాలి. చేనుకు మాత్రం ఒక షరతు పెడుతున్నాను. వాళ్ళమ్మను ఇకమీదట కల్లంలోకి పిలవకూడదు. మిరపకాయ ముట్టనివ్వకూడదు. కాయల తొడిమలు, అదే ముచ్చికలు, తీయడానికి కూర్చోనివ్వకూడదు. మబ్బు పట్టినా సరే, కాయ తడిసిపోతున్నా సరే. తడిస్తే తడవనివ్వు, వీరబాబూ. ఈ మాట అంటున్నది మీ నాన్నేనా అని నువ్వు అనుకుంటావు. నేనే.

3. షరతు ఎందుకో రాయకపోతే రేపు ఎవరికీ అర్థం కాదు. మా పెళ్ళి సింగరాయకొండలో అయింది. మర్నాడు ఒంగోలులో ఫొటో తీయించుకున్నాం. స్టూడియోలో మా వెనక పరదా మీద మంచుకొండలు, కింద నీలిరంగు చెరువు. హనుమాయమ్మకు అప్పుడు పదిహేడేళ్ళు. ఫొటో తీసేదాకా ముందుకు చూడకుండా వెనక్కే చూస్తూ ఉంది. ఇది నిజంగా ఉందా అని అడిగితే స్విట్జర్లాండులో ఉందమ్మా అన్నాడు ఫొటో ఆయన. తీసుకెళ్తానని నేను అన్నాను. కొత్త పెళ్ళికొడుకు ఏదైనా అంటాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ పత్తి తీశాక చూద్దామన్నాను, కాయ అమ్మాక చూద్దామన్నాను. ఆమె ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

యాభయ్యో ఏడు వస్తోందని శ్రీరమ్య పట్టుబట్టి నిరుడు మే నెలకి యాత్ర ఖాయం చేసింది. మన వంటవాళ్ళు వెంట వచ్చి అన్నం వండిపెట్టే యాత్ర. హనుమాయమ్మ కారప్పొడి, గోంగూర పచ్చడి విడివిడిగా మూటలు కట్టింది. అందరం కలిసి హైదరాబాదులో వీసా ఆఫీసుకి వెళ్ళాం. నా వేలిముద్రలు పడ్డాయి. ఆమెవి పడలేదు. నలభై ఏళ్ళు మిరపకాయలు కోసి, ఎండబెట్టి, ముచ్చికలు తీసిన వేళ్ళు అవి. గీతలు అరిగిపోయాయి. రేషన్ దగ్గర కూడా ఆమె కన్ను చూపించే బియ్యం తెచ్చుకునేది. మాకది వింతగా తోచలేదు, ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ వేళ్ళు అంతే. కొన్నాళ్ళు పని మాని, నూనె రాసుకుని మళ్ళీ రమ్మన్నారు.

ఇరవై రెండు రోజులు ఆమె చేతులకు కొబ్బరినూనె రాసి, పాత మేజోళ్ళు తొడుక్కుని అరుగు మీద కూర్చుంది. అన్నం నేనే కలిపి పెట్టాను. సిగ్గుపడి గోడ వైపు తిరిగి తినేది. నా బతుకులో నేను చేసిన మంచిపని అదొక్కటే అనిపిస్తుంది.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. పంటంతా కల్లంలో ఆరబోసి ఉంది. నేను పట్టలు లాగుతూ, ఒళ్ళు తెలియకుండా, ఏటా అరిచినట్టే అరిచాను. "ఏమేవ్, రావే, కాయ తడిసిపోయిద్ది!" అన్నాను. ఆమె మేజోళ్ళు విప్పి పరుగెత్తుకొచ్చింది. రెండు గంటలు ఉత్త చేతులతో కాయ కుప్పకు ఎగదోసింది. పని అయ్యాక వేళ్ళు చూసుకుంది. నా ముఖం చూసి, "ఊరుకోండి, వేళ్ళదేముంది, మళ్ళీ వచ్చిద్ది. కాయ తడిస్తే వచ్చిద్దా?" అంది. రెండోసారి వెళ్తే మెషిన్ మళ్ళీ పట్టలేదు. యాత్ర వాళ్ళు మమ్మల్ని వదిలి వెళ్ళారు. మా పెళ్ళికి యాభై ఏళ్ళు నిండిన రోజున మేము గుంటూరులో నా కాలేయం స్కానింగు కోసం వరుసలో కూర్చున్నాం. ఆమెను కల్లంలోకి పిలిచిన నాటి ఆ మబ్బు మా ఊళ్ళో పది చినుకులు కూడా రాల్చలేదు.

4. ఈ ఏడు మే నెల యాత్రలో హనుమాయమ్మ పేరు మళ్ళీ రాయించాను. నా సీటులో నసీమున్నీసా వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళు నా భార్య పక్కన కూర్చుని ముచ్చికలు తీసిన మనిషి, ఆమె చేయి కూడా ఈ ఎనిమిది నెలలూ కాయ ముట్టకుండా ఆపించాను. ఇద్దరికీ వీసా ఆఫీసులో మార్చి పదో తేదీ ఖాయమైంది. ఆ రోజు నా పన్నెండో రోజైనా సరే, నా శవం ఇంట్లో ఉన్నా సరే, హనుమాయమ్మ హైదరాబాదులో ఉండాలి. కర్మ వీరబాబు చేస్తాడు, దానికి ఆమె అక్కర్లేదు.

5. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదని చెప్పే పెద్దలకు నా నమస్కారాలు. మీరు నా ఇంటికి రావద్దు. ఆమె గాజులూ బొట్టూ తీయించే తంతు నా ఇంట్లో జరగకూడదు. పాస్‌పోర్టులో ఆమె బొట్టుతో ఉంది. ఆ ఫొటోలో ఎలా ఉందో అలాగే విమానం ఎక్కాలి.

6. తమ్ముడు బాపయ్య తొమ్మిదేళ్ళ కిందట అడిగి తీసుకెళ్ళిన స్ప్రేయరు అతనికే రాసిస్తున్నాను. చేలో మందు కొట్టుకునే మనుషులకి మంచుకొండలెందుకురా అని పదిమందిలో నవ్వినందుకు ఇంతకంటే ఇవ్వలేను. యాత్రకని కొనుక్కున్న నా ఉన్నికోటు ఆటో నాగూర్ వలికి ఇవ్వాలి. ఆసుపత్రికి తీసుకెళ్ళిన ప్రతిసారీ నేను దిగి నడిచేదాకా కదలకుండా నిలబడ్డాడు. కోటు వాడికి కాస్త వదులవుతుంది.

7. పెళ్ళి ఫొటో హనుమాయమ్మ వెంట వెళ్ళాలి. అక్కడ కొండల ముందు ఆమెకు ఒక ఫొటో తీయించాలి. పక్కన నా చోటు ఖాళీగా వదలకూడదు, చూసేవాళ్ళకి జాలి పుడుతుంది. మధ్యలో నిలబడాలి. వెనక్కి చూస్తే చూడనివ్వండి.

8. సంతకం పక్కన నా వేలిముద్ర కోసమని ఇవాళ సిరా డబ్బా తెచ్చారు. నాది వేశాక ఆమెను కూడా వేయమన్నాను. "నాదెక్కడ పడిద్దండీ" అంటూనే వేసింది. పడింది. గీతలన్నీ ఉన్నాయి. ఎనిమిది నెలలుగా నా మంచం పక్కనే ఉంది, కల్లం మొహం చూడలేదు. నా జబ్బు ఆమె వేళ్ళు ఆమెకు తిరిగి ఇచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. ఈ కాగితం అడుగున ఉన్న రెండో ముద్ర అదే, ఆస్తికి దానితో సంబంధం లేదు. వచ్చే నెల కాయ కల్లానికి వస్తుంది. నేను లేని ఇంట్లో ఏం చేయాలో తోచక ఆమె లేచి కల్లానికే వెళ్తుంది, నాకు తెలుసు. వీరబాబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను, మార్చి పది దాకా అమ్మను అరుగు మీదే కూర్చోబెట్టు. అన్నం కలిపి పెట్టు.

2026 జనవరి 22, దాచేపల్లి.

(సంతకం) మద్దినేని పేరయ్య, ఎడమ బొటనవేలి ముద్రతో.

సాక్షులు: షేక్ హయాత్, రిటైర్డు ఉపాధ్యాయుడు, దాచేపల్లి. కొల్లి శివరామకృష్ణ, రైతు, పక్క చేను.

దాని కింద పడిన ముద్ర: హనుమాయమ్మ, కుడిచేయి, చూపుడువేలు.