గుమ్మడికాయ పేలిన చప్పుడు

సాలోమోనూ,

సంగటి దబరలో ఉంది, నంజుకోను ఊరుబిండి పక్కనే పెట్టాను. నేను పెద్దముడియం బడికి పోతున్నా, ఆరింటి బస్సుకు వస్తా. అందాకా వీధిలోకి పోవద్దు, మిద్దె కూడా ఎక్కవద్దు. నీ బొమ్మల సినిమాలో గుమ్మడికాయ పేలాలని నిన్న మిద్దె మీద కాగితపు సంచి ఊది పగలగొట్టి రికార్డు చేశావు. వీధంతా నాటుబాంబే అనుకుంది. రెండు పార్టీల మనుషులూ వీధికి ఆ చివర కొందరు, ఈ చివర కొందరు ఇంకా కూర్చునే ఉన్నారు. ఎదురింటి శ్యామలమ్మ పొద్దున నన్ను నిలబెట్టి, "మీవోడు బాంబులు ఏ పార్టీకి చుడతాండాడు మ్మే?" అని అడిగింది. గుమ్మడికాయ కోసమంటే నమ్మలేదు.

ఇంక చప్పుళ్లు కావాలంటే లోపలే కూర్చొని తీసుకో. చేటలో బియ్యం పోస్తే వాన పడినట్టే ఉంటుంది. పోసిన బియ్యం మళ్లీ డబ్బాలోకి ఎత్తు.

అక్క

టేపు విన్నాను. పేలిన చప్పుడు వరకు ఉంచుకొని మిగిలింది చెరిపెయ్. దాని వెనకే వీధిలో తలుపులన్నీ పడుతున్నాయి. అన్నిటికంటే ముందు పడిన గడియ మనదే. నువ్వు మిద్దె మీదున్నావని తెలిసే వేశాను. "అక్కా, నేనే" అని నువ్వు నాలుగుసార్లు అన్నాక గానీ తీయలేదు.