గిన్నెలో కలిపిన చీటీలు

వదినా,

పొగ మాన్పించే మా క్లినిక్ చలవ వల్లే మా వీధిలో పొగతాగేవాళ్లు పక్కవీధి కన్నా తగ్గారని పోయినేడాది సర్వే చూసి ఎగిరి గంతేశాను. లెక్కలు తేల్చాల్సిన నువ్వేమో రెండు వీధులవాళ్ల జవాబులు రాసిన చీటీలన్నీ గిన్నెలో కలిపేసి, చూడకుండా రెండు కుప్పలు పోశావు. "చూడమ్మాయ్, అంత తేడా ఊరికే కూడా వస్తోంది" అన్నావు. క్లినిక్ మూసేస్తారని నేనేడ్చినా, ఆడపడుచునని కూడా చూడకుండా ఆ సర్వే మీద సంతకం పెట్టలేదు. ఒళ్లు మండిపోయింది.

క్లినిక్‌కి ఏడాది గడువిచ్చారు కదా, ఈసారి చాలా ఎక్కువమందిని అడిగాం. నీలాగే కలిపాను, పంచాను, మళ్లీ కలిపాను. చేతులు పడిపోయాయి గానీ, ఈసారి రెండు వీధుల మధ్య కనిపించినంత తేడా కలిపిన కుప్పల్లో ఒక్కసారీ రాలేదు. నీ మొండితనానికి దండం పెట్టాలి!

మా డాక్టరుగారు ఇక చాలంటున్నారు. నాకే చాలడం లేదు. గిన్నె సిద్ధంగా ఉంది, నువ్వొచ్చి కలిపితేగానీ నమ్మను.

నీ ఆడపడుచు