శ్రీలంకకు రెండోసారి

శుక్రవారం, రాత్రి

శ్రీలంకలో మళ్లీ వరదలు. కాన్పులు చేసే నర్సులు కావాలని అక్కడి సహాయ శిబిరం నుంచి పొద్దున ఫోన్ వచ్చింది. వస్తానన్నాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆయన అడిగారు. "పోయినసారి ఆడ ఆ పిల్ల చనిపోయినాక నెల్లాళ్లు నువ్వు సరిగ్గా తినలా. మళ్లా ఎందుకు పోవాల?"

ఆ పిల్ల పేరు సెల్వి. బిడ్డ పుట్టాక ఆమెకు రక్తం ఆగలేదు. శిబిరంలో కరెంటు లేక, రక్తం ఆపే ఇంజెక్షన్ వేడికి పాడైపోయింది. బిడ్డ ఒక్కటే దక్కింది.

"అందుకే పోవాల. ఈసారి మందు ఐస్ పెట్టెలో నేనే పట్టుకుపోతా" అన్నాను.

సాయంత్రం ఆయనే పురసవాక్కం బజారుకు వెళ్లి పెట్టె కొనుక్కొచ్చారు. "ఎన్ని గంటలు చల్లగా ఉంటాదో షాపాయన్ని రెండుసార్లు అడిగినా" అన్నారు.

ఎల్లుండి ప్రయాణం. మొదటి కాన్పుకు సెల్వి గుర్తొస్తుందేమో. గుర్తొచ్చినా ఆగను.