పాప జడ, ఆధార్ కార్డు

తమ్మీ శ్రావణ్,

ఆస్పత్రిల డ్యూటీ పడ్డది, పోతున్న. పదింటికి మీ బావ పాప కోసం వస్తడు. సాయంత్రం ఐదింటిదాక తీస్కపోవచ్చని కోర్టు చెప్పింది గనక ఆపకు. నోట్‌బుక్కుల టైం రాసి సంతకం పెట్టించుకో. బావా బావా అనుకుంట చాయ తాగి మర్చిపోకు.

పాప ఆధార్ కార్డు మాత్రం ఇయ్యకు. బస్సుల ఫ్రీ టికెట్‌కని పోయిన వారం అడిగిండు. బండి మీద వచ్చేటోనికి బస్సు టికెట్ ఎందుకు? పాపను ఆయన ఉండే భైంసల బడికి చేర్పిస్తడేమోనని నా అనుమానం. వకీలు సాబ్‌ను అడిగిన. కోర్టు చెప్పకుండ ఆయన పాపను ఉంచుకోరాదు, నేను చూడనియ్యకుండ ఉండరాదు అన్నడు. ఐదు దాటితే వెంటనే ఫోన్ చెయ్యి.

పాపకు జడ వెయ్యలే, నువ్వు గూడ వెయ్యకు. పోయిన ఆదివారం రెండు జడలు సక్కగ వేసుకొని వచ్చింది. ఎవలు వేసిండ్రంటే బాపే అన్నది. నాతోని ఉన్నన్ని దినాలు దువ్వెన ముట్టని మనిషి. ఇంకెవలో ఉన్నరు. ఇయ్యాల నీ ముందట వెయ్యమను. వచ్చిందో రాలేదో నాకు చెప్పు.

మీ అక్క, ఉమ

దువ్వెన, రిబ్బన్లు అద్దం కాడ ఉన్నయి. చిక్కు తీస్తుంటే పాప ఏడుస్తది. మెల్లగ దువ్వమను.